పదహారో చోటు

శ్రావణికి ఎడమ మోకాలిలో నొప్పి మొదలైనప్పుడు పాయం రుక్మిణి ఆసుపత్రి హాలు గాజు తలుపుకు ఇవతల నిలబడి ఉంది. శ్రావణి ఆమె చెల్లెలి కూతురు. పదకొండేళ్ల పిల్ల. పుట్టినప్పటి నుంచీ సికిల్ సెల్ జబ్బు. గుండ్రంగా ఉండాల్సిన రక్తకణాలు కొడవలిలా వంగిపోయి సన్నటి నాళాల్లో ఇరుక్కుంటాయి. ఇరుక్కున్న చోటల్లా ఎముకను పిండుతున్నట్టు నొప్పి. పట్టుకుంటే రెండు మూడు రోజులు వదలదు. ఆ నొప్పికి శ్రావణి ఎలా అరుస్తుందో ఇప్పలగుంపులో ప్రతి ఇంటికీ తెలుసు.

ఆ రోజు శ్రావణి అరవలేదు. మోకాలు పట్టుకుని ముఖం చిట్లించింది. అదే క్షణంలో హాల్లో కూర్చున్నవాళ్లలో ఆరుగురు ఉలిక్కిపడి తమ ఎడమ మోకాళ్లు తడుముకున్నారు. కాసేపటికి మిగిలిన తొమ్మిది మందీ తడుముకున్నారు. ఆ తర్వాత అందరి ముఖాలూ మామూలుగా అయిపోయాయి. ఎవరో నవ్వారు కూడా. రుక్మిణి లోపలికి వెళ్లి శ్రావణి పక్కన కూర్చుని ఎలా ఉందని అడిగింది.

"చీమ కుట్టినట్టుంది పెద్దమ్మా. అంతే."

పక్క కుర్చీలో ఉన్న రుక్మిణి తల్లి ముత్తమ్మ ఆ మాట విని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆమెకు ఇద్దరు కూతుళ్లు. చిన్న కూతురు సుశీలకు ఈ జబ్బుంది. సుశీల పిల్లలు శ్రావణికీ, ఎనిమిదేళ్ల రవళికీ ఉంది. పెద్ద కూతురు రుక్మిణిని మాత్రం వదిలేసింది. చిన్నప్పుడు చెల్లెలు గోడకేసి తల కొట్టుకుంటుంటే చూడలేక రుక్మిణి లెక్కల పుస్తకం తీసుకుని వాగు ఒడ్డుకు పోయేది. అలా పోయిపోయి గణితంలో డాక్టరేటు దాకా పోయింది.

గోదావరి ఒడ్డున ఉన్న ఆ పరిశోధన ఆసుపత్రికి ఆమెను పిలిచింది డాక్టర్ భానుమూర్తి. ఆయన కనిపెట్టిన పరికరం రూపాయి బిళ్లంత ఉంటుంది. మెడ వెనక చర్మం కింద అమరుస్తారు. ఒక మనిషి నరాల్లో నడిచే నొప్పిని అందుకుని, ఆ బిళ్లతో ముడిపెట్టిన మరో మనిషి నరాల్లోకి పంచుతుంది. సికిల్ సెల్ నొప్పి అందరికీ ఒకేసారి రాదు. ఈ వారం ఒకరికి వస్తే వచ్చే నెల ఇంకొకరికి వస్తుంది. పదిమంది కలిసి పంచుకుంటే ఎవరూ పూర్తి నొప్పి మోయనక్కర్లేదు. ఊళ్లో జనం దానికి నొప్పి పంపకం అని పేరు పెట్టుకున్నారు.

చిక్కల్లా ఎవరిని ఎవరితో ముడిపెట్టాలన్న దగ్గరే వచ్చింది. భానుమూర్తి మొదట అందరినీ ఒక గొలుసులా కలిపాడు. చివర్లో ఉన్నవాళ్ల దగ్గర నొప్పి నిలవైపోయింది. అందరినీ ఒక్క మనిషితో కలిపి చూశాడు. ఆ మనిషి, ఆసుపత్రిలోనే పనిచేసే బలమైన కుర్రాడు, సాయంత్రానికి స్పృహ తప్పాడు. అప్పుడే ఆయన గణితం తెలిసినవాళ్ల కోసం వెతికాడు.

రుక్మిణి వచ్చి చెప్పిన సంగతి వినడానికి చిన్నది. పదహారు మంది ఉండాలి. ప్రతివారికీ సరిగ్గా ఆరుగురితో ముడి. ఏ ఇద్దరిని తీసుకున్నా, వాళ్ల మధ్య ముడి ఉన్నా లేకపోయినా, ఇద్దరికీ ఉమ్మడిగా ముడిపడినవాళ్లు కచ్చితంగా ఇద్దరే ఉండాలి. అప్పుడు నొప్పి ఎక్కడ పుట్టినా ఒకే తీరున పాకి పదహారు మందిలో సమంగా సర్దుకుంటుంది. గణితంలో ఇలాంటి అల్లికల్ని స్ట్రాంగ్లీ రెగ్యులర్ గ్రాఫులంటారు. వాటి మీదే ఆమె పదేళ్లు పనిచేసింది. ఆ పని మనిషి ఒంటికి తగులుతుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

ఈ లెక్కకు సరిపోయే అల్లికలు రెండే ఉన్నాయి. మొదటిది గడి. నాలుగు వరసలు, వరసకు నలుగురు. తన అడ్డవరసలో ముగ్గురితోనూ, నిలువు వరసలో ముగ్గురితోనూ ముడి. రెండోది వలయం. అందులో ఏ మనిషిని తీసుకున్నా అతని ఆరుగురూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని అతని చుట్టూ నిలబడ్డట్టు ఉంటారు. అంకెల్లో రెండింటికీ తేడా లేదు. నొప్పి ఎంత వేగంగా సర్దుకుంటుందో చెప్పే సంఖ్యలు చివరి దశాంశం దాకా ఒకటే. ఒకరి బిళ్ల ఆగిపోయినా, ఇద్దరివి ఆగిపోయినా, ముగ్గురివి ఆగిపోయినా ఫలితం రెండింటిలోనూ ఒకటే వచ్చింది. ఒక్క తేడా మాత్రం ఉంది. గడిలో ఒక వరసలోని నలుగురికీ ఒకరితో ఒకరికి ముడి ఉంటుంది. వలయంలో అలాంటి నలుగురు ఎక్కడా దొరకరు.

రుక్మిణి వలయం వైపే మొగ్గింది. ఎందుకని భానుమూర్తి అడిగితే, నలుగురు అలా బిగుసుకుని ఉండడం తనకు నచ్చడం లేదని చెప్పింది. ఆయన నవ్వలేదు, కొట్టిపారేయలేదు. ఓపిగ్గా విన్నాడు.

"నచ్చకపోవడానికి కారణం చూపించండి రుక్మిణి గారూ. మీ సంఖ్యలే రెండూ ఒకటంటున్నాయి. అనుమతిచ్చే కమిటీకి నేను మీ అనుమానం పంపలేను కదా."

ఆమె నెల్లాళ్లు కూర్చుంది. కారణం దొరకలేదు. ఈలోగా ఇప్పలగుంపులో మాట్లాడడానికి వెళ్లినవాళ్లు ఇంకో సంగతి మోసుకొచ్చారు. బిళ్ల పెట్టించుకోవడానికి జనం ఒప్పుకుంటున్నారు, కానీ తమ ఇంటివాళ్లతోనే ముడి కావాలంటున్నారు. ఎవరో తెలియని మనిషి నొప్పి ముందుగా తమకు రావడం, తమ పిల్లల నొప్పి ముందుగా పరాయివాళ్లకు పోవడం వాళ్లకు మింగుడు పడటం లేదు. అందరికంటే గట్టిగా పట్టుబట్టింది సుశీల.

"నా పిల్లల నొప్పి ముందు నాకే రావాలక్కా. ఆ తర్వాత ఎటన్న పోనీ. నువ్వే కదా లెక్క వేసేది, ఆ మాత్రం చెయ్యలేవా?"

గడి వేస్తే నలుగురినీ ఒక వరసలో కూర్చోబెట్టవచ్చు. సుశీల, ఇద్దరు పిల్లలు, ముత్తమ్మ. ముత్తమ్మకు జబ్బు లేదు, ఆరోగ్యంగా ఉండి నొప్పి పంచుకోవడానికి ముందుకొచ్చిన ఏడుగురిలో ఆమె ఒకతి. సుశీల భర్త తోటల్లో పనికి పోయి నెలల తరబడి రాడు కాబట్టి అతన్ని లెక్కలోకి తీసుకోలేదు. రుక్మిణి తనూ కూర్చుంటానంది గానీ, అల్లిక వేసినవాళ్లు అందులో ఉండకూడదని నియమం పెట్టారు. ఆమె గడికి ఒప్పుకుంది. రెండు అల్లికలకూ పనితీరులో తేడా లేదని తన చేత్తోనే రాసి సంతకం పెట్టింది. అది అబద్ధం కాదు. ఆ సాయంత్రం ఆసుపత్రి వరండాలో చెల్లెలు ఆమె చెయ్యి పట్టుకుని వదల్లేదు. చిన్నప్పటి నుంచీ తను దూరంగా పారిపోయిన నొప్పికి ఇన్నాళ్లకు ఏదో చేశానని రుక్మిణి సంతోషపడింది.

ఏడాదిపాటు అంతా బాగానే నడిచింది. శ్రావణి బడి మానకుండా ఆరో తరగతి పాసయింది. సుశీల వరి నాట్లకు వెళ్లింది. పెళ్లయ్యాక ఆమె పొలంలో దిగడం అదే మొదలు. ఎవరికి నొప్పి వచ్చినా పదహారు మందికీ ఒకేసారి చురుక్కుమని, మళ్లీ పనుల్లో పడేవాళ్లు. ఎప్పుడన్నా చేలో బిళ్లలున్న ఆడవాళ్లంతా ఒక్కసారి నడుము పట్టుకుని, ఇవాళ ఎవరిదో అని నవ్వుకునేవాళ్లు.

ఆ ఏడాదిలోనే భానుమూర్తి బిళ్లల్లో ఒక మార్పు చేశాడు. నొప్పి ఎక్కువగా నడిచే ముడి దానంతటదే వెడల్పయ్యేలా, ఎప్పుడూ నడవని ముడి సన్నబడేలా అమర్చాడు. నరాలు సహజంగా చేసే పనే అది, నడిచిన కొద్దీ కాలిబాట వెడల్పయినట్టు. దానివల్ల నొప్పి ఇంకా త్వరగా పంపకమవుతోంది. రుక్మిణికి ఆ మార్పు గురించి చెప్పాడు. ఆమె లెక్కలో ముడులన్నీ సమానం. ఇప్పుడవి సమానంగా ఉండవు కదా అని అడిగింది. ఒకరికో ఇద్దరికో నొప్పి వచ్చినప్పుడు పరీక్షించి చూశామని, తగ్గగానే మళ్లీ సమానమవుతున్నాయని ఆయన చూపించాడు. ముగ్గురికి వచ్చినప్పుడు కూడా. ఆమె సరేనంది.

నలుగురికి ఒకేసారి రావడం ఎవరూ పరీక్షించలేదు. అలాంటిది ఎక్కడో గాని జరగదని సంఖ్యలు చెప్పాయి. పదహారు మందీ వేరువేరు మనుషులైతే నిజంగానే జరగదు. కానీ ఒక ఇంట్లో నలుగురు ఒకే నీళ్లు తాగుతారు, ఒకే కప్పు కింద తడుస్తారు, ఒకే దోమ కుట్టుకు మంచం పడతారు. ఆ విషయం తెలుసుకోవడానికి రుక్మిణికి గణితం అక్కర్లేదు. ఆమె ఆ ఇంట్లోనే పెరిగింది.

వానాకాలంలో ఇప్పలగుంపులో విషజ్వరాలు మొదలయ్యాయి. మొదట రవళికి వచ్చింది, మర్నాటికి శ్రావణికి, సుశీలకు. జ్వరానికి ఒళ్లు ఎండిపోతే సికిల్ సెల్ నొప్పి లేస్తుంది. ముగ్గురికీ లేచింది. ముత్తమ్మకు జబ్బు లేకపోయినా జ్వరం తగిలింది, కీళ్లన్నీ పట్టేశాయి. ఒకరి దగ్గర పుట్టిన నొప్పి వరసలో మిగతా ముగ్గురికీ చేరి, ఆ ముగ్గురి దగ్గర నుంచి మళ్లీ మొదటికే వచ్చింది. తిరిగిన కొద్దీ ఆ నలుగురి మధ్య ముడులు వెడల్పయ్యాయి. బయటివాళ్లతో ఉన్న ముడులు సన్నబడి దారపు పోగులయ్యాయి. మిగతా పన్నెండు మందికి ఏమీ తెలియలేదు. ఊళ్లో జ్వరాలున్నా పంపకం బాగా పనిచేస్తోందని వాళ్లనుకున్నారు. ఆసుపత్రి తెర మీద పదహారు మంది సగటు మామూలుగానే కనబడింది.

ఆటోలో నలుగురినీ తీసుకొచ్చేసరికి రవళి అరవడం కూడా మానేసింది. కళ్లు తెరిచే ఉన్నాయి, ఎవరినీ చూడటం లేదు. డాక్టర్లు ఇవ్వగలిగినంత మందు ఇచ్చారు. తన ఒంట్లో పుట్టిన నొప్పికి మందు పనిచేస్తుంది, ఇంకొకరి ఒంట్లోంచి వచ్చిన నొప్పికి చెయ్యదు. అంతవరకూ అది ఎవరికీ అనుభవంలోకి రాలేదు. ఒక బిళ్లను ఆపేస్తే అక్కడి నొప్పి మిగతా ముగ్గురి మీద పడుతుంది. నాలుగూ ఆపేస్తే, అప్పటికే వచ్చి చేరిన నొప్పి పోయే దారి లేక ఎవరిలో ఉన్నది వాళ్లలోనే నిలిచిపోతుంది. సన్నబడిన ముడులు మళ్లీ వెడల్పవాలంటే ఒక పగలన్నా పడుతుంది. పిల్ల గుండె అంతసేపు ఆగేలా లేదని భానుమూర్తి చెప్పాడు.

రుక్మిణి కంప్యూటర్ ముందు కూర్చుని వరస వంక చూసింది. ఇన్నాళ్లూ వెతికిన కారణం ఇప్పుడు కనబడింది. వలయం వేసి ఉంటే ఈ నలుగురూ ఇలా బిగుసుకునేవాళ్లు కాదు. నొప్పి తప్పనిసరిగా బయటికి పోయేది.

నలుగురిలో లేచి కూర్చోగలిగింది ముత్తమ్మ ఒక్కతే. కూతురు ముఖం చూసి ఆమెకు ఎంతో కొంత అర్థమైంది. ఎటు తిప్పితే ఎటు పోతుందని అడిగింది. రుక్మిణి చెప్పింది. ముగ్గురి ముడులూ ఒకవైపే తెరిచి, నొప్పినంతా నాలుగో మనిషి దగ్గర ఆపవచ్చని, అక్కడి నుంచి ఎటూ పోకుండా మూసేయవచ్చని చెప్పింది.

"అయితే నా మీద పెట్టు."

"అమ్మా, నువ్వు మొయ్యలేవు."

"మొయ్యలేనని నీకెట్ల తెలుసు? నీకు ఎప్పుడన్నా వచ్చిందా నొప్పి?" ముత్తమ్మ గొంతులో కోపం లేదు. "చిన్నది పోతది బిడ్డా. ఆలస్యం చెయ్యకు."

భానుమూర్తి ఆపమనలేదు, చెయ్యమనలేదు. కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. రుక్మిణి ఆయన వీపు వంక కాసేపు చూసి ముడులు మార్చింది. పని చిన్నదే. మూడు గీతల దిశ తిప్పి, ఒక చుక్క చుట్టూ ఉన్న దారులు మూయడం.

రవళి నిద్రపోయింది. తర్వాత శ్రావణి నిద్రపోయింది. సుశీల కళ్లు తెరిచి, నొప్పి ఇంత త్వరగా ఎలా పోయిందా అని అటూ ఇటూ చూసింది. పక్క మంచం మీద తల్లి రెండు చేతులతో ఇనుప పట్టె పట్టుకుని ఉంది. నోట్లో గుడ్డ కుక్కుకుంది, పిల్లలు లేస్తారని. సుశీల మంచం దిగబోయి పడిపోయింది. నేల మీద పాక్కుంటూ వెళ్లి తల్లి కాళ్లు పట్టుకుని, మళ్లీ తనకు పంపమని అక్కను అడిగింది. నీ వంతు నీకు పంపితే నీ నుంచి పిల్లలకు పోతుందని రుక్మిణి చెప్పింది. అది నిజం. ఆ నిజం విన్నాక సుశీల మళ్లీ అడగలేదు. పొద్దు వాలేసరికి పిల్లలకు మందు పట్టింది, నొప్పి పుట్టడం తగ్గింది. అప్పటికి ముత్తమ్మ చేతులు పట్టె వదిలేశాయి.

ముత్తమ్మ మరణానికి కారణం విషజ్వరం అని రాశారు. నొప్పి అనే మాట ఎక్కడా లేదు. నొప్పితో మనిషి చనిపోయినట్టు రాయడానికి ఆ కాగితంలో ఒక గడి కూడా లేదని భానుమూర్తి అన్నాడు. విచారణకు వచ్చిన కమిటీ రుక్మిణి రాసిన పాత వాక్యాన్నే చదివి, అల్లికలో దోషం లేదని తేల్చింది. ఆమె లేచి, దోషం ఉందని, ఇప్పుడు కారణం చూపించగలనని చెప్పింది. బోర్డు మీద ఆ నలుగురినీ గీసి చూపించింది. వాళ్లు శ్రద్ధగా విన్నారు. ఇకనుంచి వలయం వాడవచ్చని, దీన్ని మెరుగుదలగా నమోదు చేద్దామని అన్నారు. ఎవరూ ఆమెను తప్పుపట్టలేదు. సంతాపం తెలిపారు. ఒకాయన ఆమె గీసిన బొమ్మ చాలా అందంగా ఉందన్నాడు.

అల్లికను వలయంగా మార్చారు. అయితే పదహారు మంది కావాలి, ఉన్నది పదిహేను మంది. ఒక చోటు ఖాళీగా ఉంటే లెక్క చెడుతుంది, ఖాళీ పక్కన ఉన్న ఆరుగురి మీద బరువు పడుతుంది. ఆ ఆరుగురిలో సుశీల ఉంది, రవళి ఉంది. చనిపోయిన మనిషి చోట్లో కూర్చోవడానికి ఇప్పలగుంపులో ఎవరూ రాలేదు. చుట్టుపక్కల గూడేల్లోనూ రాలేదు. బిళ్లలు తీయించుకుంటే పిల్లలు మళ్లీ పూర్తి నొప్పి మోయాలి. సుశీల తీయించలేదు. రుక్మిణి ఉద్యోగానికి రాజీనామా రాసింది. ఇక అల్లిక వేసే మనిషి కాదు కాబట్టి నియమం అడ్డురాలేదు. మెడ వెనక బిళ్ల పెట్టించుకుని ఇప్పలగుంపుకు వచ్చింది.

సుశీల గుమ్మంలో నుంచి తప్పుకుని దారి ఇచ్చింది. ఉండమనలేదు, పొమ్మనలేదు. అక్కతో మాట్లాడలేదు. అక్కకు విడిగా పక్కగది ఇచ్చి, పిల్లలు పిలిస్తే తప్ప అటు రాకుండా గడిపింది. అడగాల్సిన మాట ఇద్దరికీ తెలుసు. నలుగురినీ ఒకే వరసలో పెట్టమన్నది ఎవరు, పెట్టింది ఎవరు. ఒకరు ఆ మాట ఎత్తితే రెండోవాళ్లకు జవాబు ఉంది. అందుకే ఇద్దరూ ఎత్తలేదు.

వారం తిరగకముందే సుశీలకు తుంటిలో నొప్పి లేచింది. గదిలో బట్టలు మడతపెడుతున్న రుక్మిణి అలాగే నేల మీద కూలబడింది. తను వెయ్యిసార్లు కాగితం మీద రాసిన ఆరో వంతు అది. క్షణంలో పలచబడి పోయింది. ఒళ్లంతా చెమట పట్టింది. గోడకు ఆనుకుని కూర్చుని, తల్లి మీద తను పెట్టినదెంతో లెక్క వేయబోయి ఆపేసింది. ఆ తర్వాత ఆమెకు అన్నం సహించలేదు. పిల్లల ముందు తిన్నట్టు చేసి పళ్లెం కుక్కకు పెట్టేది. టీ తాగి రోజులు నెట్టేది. కడుపులో మంట మొదలైంది. పట్టించుకోలేదు. ఆ మంట తనకు తగినదేనని, ఉండనివ్వాలని అనుకుంది. ఒక్కతే ఉన్నప్పుడు ఆ మంట ఆమెకు ఒకరకంగా తోడుగా ఉండేది.

ఒక మధ్యాహ్నం సుశీల ఆ గదిలోకి వచ్చింది. చేతిలో పళ్లెం ఉంది. వేడి అన్నం, పప్పు. అక్క ముందు పెట్టి, ఎదురుగా గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"తిను."

రుక్మిణి తలెత్తింది. ఇన్నాళ్లకు మాట్లాడిందని ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. చెల్లెలి చెయ్యి అందుకోబోయింది. సుశీల చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నీ మీద ప్రేమతో పెట్టట్లేదక్కా. నువ్వు తినకుంటే రవళి కడుపు మండుతుంది. వారం నుంచి పిల్ల బళ్లో కూర్చోలేకపోతుంది. నీ ఏడుపు నువ్వు ఏడ్చుకో, నేను కాదనను. కానీ తిని ఏడువు."

రుక్మిణి పళ్లెం దగ్గరకు లాక్కుంది. ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. మింగుడు పడలేదు. నీళ్లు తాగి మింగింది. ఇంకో ముద్ద కలిపింది. పళ్లెం ఖాళీ అయ్యేదాకా సుశీల అక్కడే నిలబడి చూసింది. తర్వాత పళ్లెం తీసుకుని, ఒక చెయ్యి తన కడుపు మీద పెట్టుకుని మంట తగ్గిందో లేదో చూసుకుంటూ బయటికి వెళ్లిపోయింది.